తప్తపాణి ఘాటీలో చక్రం కింద రాయి పెట్టిన తమ్ముడికి

ఇది మొదలుపెట్టేసరికి రాత్రి పన్నెండు దాటింది. కుడి కాలి పిక్క ఇంకా పట్టేసే ఉంది, మెట్లు దిగితే లాగుతోంది. రేపు తీరిగ్గా రాద్దాం అనుకున్నాను గానీ రేపు స్కూలు, దిద్దాల్సిన పేపర్లు, అమ్మ కంటి చుక్కలు, అన్నీ మీద పడతాయి, ఇక రాయను. అందుకే తప్పులున్నా ఇప్పుడే.

మొన్న మంగళవారం అమ్మా నేనూ బరంపురం నుంచి పర్లాకిమిడి బయల్దేరాం. అమ్మకి శుక్లం ఆపరేషన్ అయి నాలుగో రోజు. ఎప్పుడూ అయితే ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి మీదుగా పెద్ద రోడ్డులో వెళ్లిపోతాం. ఈసారి అమ్మ మోహనలో పిన్నిని చూసి వెళ్దామంది, నేనూ సరే అన్నాను, అందుకే దిగపహండి మీదుగా 326 నంబరు రోడ్డెక్కాం. బండి ఎలక్ట్రిక్ కారు. తమ్ముడు విశాఖలో కొన్నది, అమ్మని ఆసుపత్రికి తిప్పడానికి కొన్నాళ్లు నా దగ్గర ఉంచాడు. చార్జింగ్ 64 శాతం ఉంది. ఈ అంకె ఎందుకు చెబుతున్నానంటే ఆ తర్వాత కలిసిన ప్రతి ఒక్కరూ "చార్జింగ్ అయిపోయిందా అమ్మా?" అనే అడిగారు. అవ్వలేదు బాబూ, అవ్వలేదు.

తప్తపాణి ఘాటీ ఎక్కుతున్నాం, సన్నగా వాన. ముందు బండి తెర మీద ఒక పసుపు గుర్తు వచ్చింది, తర్వాత బండి బలం తగ్గిందని చెప్పే తాబేలు బొమ్మ, ఆ తర్వాత "బండిని సురక్షితమైన చోట ఆపండి" అని. వంపులో ఏది సురక్షితమైన చోటు? పక్కకి తీసేలోపే యాక్సిలరేటర్ తొక్కినా కదలిక లేదు, స్టీరింగు బిగుసుకుపోయింది, తెర మొత్తం నల్లబడింది. బండి ఒక్క క్షణం ఆగి మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక వంపు, వంపు వెనక లోయ. బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా ఉంది, బలమంతా పెట్టి రెండు కాళ్లతో నొక్కితే అప్పుడు పట్టింది. పార్కింగ్ బ్రేకు బటన్ నొక్కాను, పలకలేదు. హారన్ లేదు. నాలుగు లైట్లూ వెలగవు. పాత బండిలో అయితే చేత్తో లాగే బ్రేకు ఉండేది, అది ఎంత గొప్ప వస్తువో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. కాలు తీస్తే బండి వెనక్కి పోతుంది. ఫోను జారి ముందు సీటు కింద పడింది. వెనక సీట్లో నల్లద్దాలు పెట్టుకున్న అమ్మ, తల వంచకూడదని డాక్టరు గట్టిగా చెప్పి పంపిన మనిషి, "నేను తీస్తానే" అంటుంది, "నువ్వు వంగావంటే నేను దిగి లోయలో దూకుతాను" అని అరిచాను. అరిచినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. అమ్మని దింపేద్దామంటే ఆ వంపులో ఏ బండి ఎటునుంచి వస్తుందో తెలియదు. రెండు కార్లు హారన్ కొట్టి పక్కనుంచి పోయాయి, ఒకాయన అద్దం దించి తిట్టాడు కూడా. పది నిమిషాలో పదిహేనో తెలియదు. కాలు వణకడం మొదలైంది, మోకాలి దాకా స్పర్శ పోయింది, ఇంకెంతసేపు పట్టుకోగలనో నాకే తెలియడం లేదు.

అప్పుడు పైనుంచి పనసపళ్ల లోడుతో ఒక చిన్న లోడు బండి దిగుతోంది. మమ్మల్ని దాటి కొంచెం ముందుకెళ్లి ఆగింది. దిగినతను, పాతికేళ్లు ఉంటాయేమో, నా దగ్గరకి రాలేదు, ఏమైందని అడగలేదు. తిన్నగా రోడ్డు పక్కకెళ్లి ఒక పెద్ద రాయి రెండు చేతుల్తో ఎత్తుకొచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. మళ్లీ వెళ్లి ఇంకోటి. దాన్ని కాలితో తన్ని బిగించాడు. ఆ తర్వాత నా అద్దం దగ్గరకొచ్చి తలుపు తెరవమన్నట్టు చెయ్యి ఊపాడు. తెరిచాను. నా మొహం కూడా చూడలేదు, నా కాళ్లవైపు చూసి అన్నాడు, "కాలు తీసెయ్ అక్కా. బండి ఎక్కడికీ పోదు."

నేను తీయలేకపోయాను. భయం కాదు, కాలు మాట వినలేదు. అతను రోడ్డు మీద గొంతుకూర్చుని నా చెప్పు మడమ దగ్గర పట్టుకుని, మెల్లగా, పసిపిల్ల కాలు తీసినట్టు పెడల్ మీద నుంచి తీసి కింద పెట్టాడు. అప్పుడు ఏడ్చాను. ఆసుపత్రిలో అమ్మని లోపలికి తీసుకెళ్లినప్పుడు ఏడవలేదు, నాన్న పోయినప్పుడు కూడా పది మంది ముందు ఏడవలేదు, ఆ వానలో ముక్కూ మొహం తెలియని కుర్రాడి ముందు ఏడ్చాను. అతను అటు తిరిగి నిలబడి చెట్టు కొమ్మలు విరవడం మొదలుపెట్టాడు. నాకు సిగ్గనిపించకూడదని అటు తిరిగాడని తర్వాత అర్థమైంది.

ఆ కొమ్మలన్నీ వంపుకి అవతల, ఇవతల రోడ్డు మీద వరసగా పరిచాడు, వచ్చే బండ్లకి తెలియాలని. తన ఎర్ర తువ్వాలు ఒక కర్రకి కట్టి, వంపు దగ్గర నిలబడి ఊపుతూ బండ్లని ఒక్కొక్కటిగా వదిలాడు. దాదాపు రెండు గంటలు, వానలో. పనసపళ్లు దిగపహండిలో ఉదయం బేరానికి చేరాలట, ఆ సంగతి నాకు మధ్యాహ్నం టీ కొట్టు ఆమె చెప్పేదాకా తెలియదు. ఎంత నష్టపోయాడో అడిగితే నవ్వాడు. డబ్బు తీయబోతే చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

గుమ్మ వైపు సవర గిరిజన కుర్రాడు. తెలుగు ఎలా వచ్చిందంటే చిన్నప్పుడు పాతపట్నం వైపు ఇటుక బట్టీలో పనిచేశాడట. అమ్మ అతనితో సవరలో ఏదో అంది. పూర్వం సంతల్లో బేరాలాడి నేర్చుకున్న నాలుగు ముక్కలు. అతని మొహం వెలిగిపోయింది, బదులు చెప్పాడు, అమ్మ నవ్వింది, ఇద్దరూ నావైపు చూసి మళ్లీ నవ్వారు. ఏమన్నారో అమ్మ ఇప్పటికీ చెప్పడం లేదు. నేను తెలుగు టీచర్ని. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో ఉండే సవర నేర్చుకున్నారని, నిఘంటువు రాశారని ఏటా ఆగస్టు 29న పిల్లలకి గొంతు పెంచి చెబుతాను. ఆ భాషలో "నీకు దండం" అని ఎలా అంటారో నాకు రాదు. తెలుగులోనే అన్నాను.

పేరు చెప్పాడు గానీ ఎక్కడా రాయవద్దన్నాడు, ఫొటో వద్దన్నాడు. మాట ఇచ్చాను.

బండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ బండ్లు ఉన్నవాళ్లు ఇది తెలుసుకోవడం అవసరం. కింద పరిచిన పెద్ద బ్యాటరీ మోటారుకి. లైట్లు, తాళాలు, స్టీరింగు సాయం, లోపలి కంప్యూటర్లు ఇవన్నీ నడిచేది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద. పెట్రోలు బండిలో దాన్ని ఆల్టర్నేటర్ నింపుతుంది, ఇందులో పెద్ద బ్యాటరీ నుంచే ఒక కన్వర్టర్ నింపుతుంది. ఆ కన్వర్టర్ పోతే చిన్న బ్యాటరీ కాసేపట్లో ఒట్టిపోతుంది. పెద్ద బ్యాటరీని మోటారుకి కలిపే స్విచ్చులని పట్టి ఉంచేది కూడా ఆ చిన్న బ్యాటరీయే, కాబట్టి అది చస్తే అవి తెరుచుకుంటాయి, 64 శాతం ఉన్నా 100 శాతం ఉన్నా బండి శవమే. గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి నూతిలో పడ్డట్టు.

మా తమ్ముడు (సొంత తమ్ముడు) ఫోన్లో ఇదంతా చెప్పాడు, జంపర్ కేబుల్ ఉంటే లేపి వంపులోంచైనా బయటికి తీయొచ్చన్నాడు. ఒక లారీ అన్న ఆగి కేబుళ్లు ఇచ్చి, నా బండి నుంచే ఇస్తాను అన్నాడు. ఈ సవర తమ్ముడే వద్దన్నాడు, లారీలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, కారువన్నీ కాలిపోతాయి, నా బండి 12 అని. నాకు తట్టనే లేదు. పుస్తకంలో చూపించినట్టు ఎర్రది ప్లస్సుకి, నల్లది బండి ఇనుముకి తగిలించాం, పెద్ద బ్యాటరీ కరెంటు పోయే నారింజ రంగు వైర్ల జోలికి ఎవరూ పోలేదు. తెర వెలిగింది. అతను రాళ్లు తీస్తుంటే నేను మెల్లగా నడిపి టీ కొట్టు పక్కన జాగాలో పెట్టగలిగాను, ఈసారి పార్కింగ్ బ్రేకు పడింది, అంతే, కాసేపటికి మళ్లీ చీకటి. నేను దిగి వెనక్కి చూస్తే అతను రోడ్డు మీద కొమ్మలు ఏరుతున్నాడు, రాళ్లు మోసి పక్కన పడేస్తున్నాడు. "రాత్రి బైకువాళ్లు పడిపోతారక్కా." మన రోడ్ల మీద ఎన్ని వందల చోట్ల చూశాం, బండి వెళ్లిపోతుంది, రాయి అక్కడే ఉంటుంది.

ఇక హెల్ప్‌లైన్. రాయకూడదనుకున్నాను, రాకుండా ఉండటం లేదు. మొదటి ఫోనులో పిన్‌కోడ్ అడిగారు. ఘాటీలో పిన్‌కోడ్ ఏమిటండీ. రెండోసారి, "మీ బండి ఆంధ్రాది కదా, అక్కడి టీముకి పంపాం" అన్నారు. ఆంధ్రా టీము ఫోన్ చేసి "మీరున్నది ఒడిశా కదా, మా పరిధి కాదు" అన్నారు. మూడోసారి హిందీలో ఒకమ్మాయి మీకు పది నిమిషాల్లో కాల్ వస్తుంది అని నాలుగుసార్లు చెప్పింది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది, మాకు పెళ్లిళ్లు అటు, ఉద్యోగాలు ఇటు, రేషన్ కార్డు దగ్గర నుంచి కారు దాకా ప్రతిదానికీ "మీరు ఎటువైపు?" అనే ప్రశ్నే. వంపులో ఆగిపోయినా అదే ప్రశ్న. చివరికి మధ్యాహ్నం మూడింటికి కొక్కెం ఉన్న క్రేన్ పంపారు. ఆ డ్రైవరే తల పట్టుకున్నాడు, "ఎలక్ట్రిక్ బండని నాకు చెప్పలేదమ్మా, దీన్ని చక్రాలు తిప్పుతూ లాగితే మోటారులో కరెంటు పుడుతుంది, దీనికి కారుని మొత్తం పైకెక్కించుకునే పడక బండి కావాలి" అని. వచ్చిన దారినే పోయాడు. పాపం అతని తప్పేమీ లేదు.

ఇంకా కడుపుమండే విషయం, రెండు వారాల ముందు ఇదే పసుపు గుర్తు ఒకసారి వచ్చిపోయింది. సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, ఇక రాదు మేడమ్ అన్నారు. ఇప్పుడు ఆ పార్టు రావడానికి ఎన్ని రోజులో చెప్పలేమంటున్నారు. అప్పుడే చిన్న బ్యాటరీ వోల్టేజీ, కన్వర్టర్ సరిగా చూసి ఉంటే... సరే వదిలేస్తాను, ఇది తిట్ల పోస్టు కాదు.

మా ఆయన బరంపురం నుంచి బైకు మీద తడుస్తూ వచ్చాడు, తమ్ముడు ఆరు గంటలు ఫోన్లోనే ఉన్నాడు, పిన్ని మోహన నుంచి అన్నం పంపింది. వాళ్లకి థాంక్స్ చెబితే కొడతారు.

టీ కొట్టు ఆమెకి మాత్రం చెప్పాలి. అమ్మని తన మంచం మీద కూర్చోబెట్టి, పొయ్యి పొగ కంట్లోకి పోకూడదని పొయ్యినే అటు జరిపించింది. బోణీ బేరం మానుకుని కాసేపు టీ కూడా కాయలేదు. సాయంత్రం అయిదున్నరకి పడక బండి తెచ్చిన డ్రైవరుకి కూడా. హెల్ప్‌లైన్ పంపలేదు, మా ఆయన స్నేహితుడు మాట్లాడి పెట్టాడు. అతను బేరమాడకుండా, అమ్మని కేబిన్‌లో ముందు కూర్చోబెట్టి కుదుపులు లేకుండా నడిపాడు.

అయ్యో, మోహన దగ్గరి చంద్రగిరి టిబెటన్ పెద్దాయన ఒకరు కారాపి నీళ్ల సీసాలు, బిస్కెట్లు ఇచ్చి వెళ్లారు, ఆయన్ని మర్చిపోయాను. చంద్రగిరిలో ఎవరైనా చదివితే ఆయనకి చెప్పండి, తెల్ల గడ్డం, పాత జీపు.

సిగ్నల్ కోసం పైకి ఎక్కి మరీ నా ఫోన్ నుంచి లొకేషన్ పంపిన ఇద్దరు కాలేజీ పిల్లలు. దిగపహండి మందుల షాపులో అమ్మ చుక్కల సీసా ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ ఐసు ముక్కలు వేసి ఇచ్చిన అబ్బాయి. గస్తీ జీపులో వచ్చి "ఏం పరవాలేదు మేముంటాం" అని ఒడియాలో చెప్పి నిజంగానే అరగంట ఉన్న పోలీసు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. లారీ అన్న ఇచ్చిన జంపర్ కేబుళ్లు హడావిడిలో మా డిక్కీలోనే ఉండిపోయాయి. బండితో పాటు సర్వీసు సెంటరుకి వెళ్లాయి, నిన్న వెళ్లి తెచ్చుకున్నాను. నీలం లారీ, ముందు జగన్నాథుడి కళ్లు గీసి ఉన్నాయి, రాయగడ వైపు వెళ్తోంది. ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, ఎక్కడికైనా తెచ్చి ఇస్తాను.