పుండు మీద దూది పుల్ల తిప్పి పంపొద్దు

సంపాదకుడు గారికి,

షుగరు ఉన్నవారి కాలికి పుండు పడగానే దూది పుల్లను (స్వాబ్) దాని మీద ఒకసారి తిప్పి కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిములను పెంచి గుర్తించే పరీక్షకు, పంపే అలవాటు మన చెన్నై క్లినిక్కుల్లో ఇంకా పోలేదు. రెండు మూడు రోజులకు నాలుగు క్రిముల పేర్లతో రిపోర్టు వస్తుంది. నాలుగింటికీ సరిపోయే ఖరీదైన ఇంజెక్షన్లు మొదలవుతాయి. వాటిలో మూడు ఆ చర్మం మీద ఊరికే కాపురమున్నవి కావచ్చు.

ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో తేల్చాల్సింది ల్యాబ్ కాదు, పాదాన్ని చూసే డాక్టరు. వాపు, పుండు చుట్టూ అర సెంటీమీటరుకు మించిన ఎరుపు, నొప్పి, వేడి, చీము: వీటిలో రెండైనా ఉండాలి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు కనుక చేతి వెనకవైపుతో రెండు పాదాలూ తాకి వేడి పోల్చుకోవడం మేలు. ఈ లక్షణాలు లేని పుండుకు కల్చరూ వద్దు, యాంటీబయాటిక్కూ వద్దు.

ఉంటే, మందు మొదలుపెట్టకముందే శాంపిల్ తీయాలి. ముందు ఆనె, కుళ్లిన పొర చెక్కేసి, సెలైన్‌తో బాగా కడగాలి. బెటాడిన్ మిగిలి ఉంటే అది క్రిములను చంపి రిపోర్టును తప్పుదోవ పట్టిస్తుంది. తర్వాత స్టెరైల్ బ్లేడుతో పుండు అడుగు గోకి, వచ్చిన కండ ముక్కను స్టెరైల్ సీసాలో రెండు చుక్కల సెలైన్‌తో వేసి వెంటనే పంపాలి. బయాప్సీ అలవాటుకొద్దీ ఫార్మలిన్‌లో వేశారో, అందులో ఏ క్రిమీ బతకదు.

పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ అనే క్రిములదే పెద్దపీట. మన దగ్గర సూడోమోనాస్, ఈ.కోలై, క్లెబ్సియెల్లా ఎక్కువ, అవీ చాలా మందులకు లొంగనివి. అందుకే గుడ్డిగా రాసే మాత్రలు ఇక్కడ తరచూ పనిచేయవు.

పుండులో లోహపు ప్రోబ్ (సన్నని కడ్డీ) పెడితే గట్టిగా ఎముక తగిలిందంటే ఎముకకూ ఇన్‌ఫెక్షన్ సోకిందని గట్టిగా అనుమానించాలి. ఎక్స్‌రేలో ఆ మార్పు కనపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, మొదటి ఫిల్ము బాగుందని ధీమా పడకూడదు. కండకే పరిమితమైతే సాధారణంగా 1 నుంచి 2 వారాల మందు చాలు, సోకిన ఎముకను తీయకపోతే సుమారు 6 వారాలు. పుండు మానేదాకా మందు సాగదీయడం తప్పు. మానాలంటే రక్తం అందాలి, అరికాలి మీద బరువు తగ్గాలి. నల్లబడటం, నొక్కితే చిటపట, పైకి పాకే వాపు కనపడితే మాత్రం కల్చర్ కోసం కూర్చోకుండా ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

స్పర్శ పోయిన పాదాన్ని ఎలా కాపాడాలో పక్కనే ఉన్న రాయవేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల దగ్గర ఎప్పుడో చూపించారు. మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు కావాలి. రోజూ వేళ్ల సందులు చూసుకోవాలి. కత్తిరి ఎండల్లో గుడి ప్రదక్షిణ ఒట్టి కాళ్లతో చేయకూడదు, కాలు కాలినా తెలియదు మరి.

ఆరోగ్య శాఖకు రెండు విన్నపాలు. 2021లో మొదలైన మక్కళై తేడి మరుత్తువం (ఇంటి వద్దకే వైద్యం) అనే తమిళనాడు ప్రభుత్వ పథకం కింద ఇంటికి మాత్రలు తెచ్చే కార్యకర్తలు ప్రతి ఇంటా 10 గ్రాముల ఒత్తిడి పెట్టే మోనోఫిలమెంట్‌తో (సన్నని నైలాన్ పోగు) అరికాలి స్పర్శ కూడా చూడాలి. కల్చర్ ఫారంలో ‘శాంపిల్ ఎలా తీశారు?’ అని ఒక గడి చేర్చాలి. అది ఖాళీగా ఉన్నా, ‘పైపై స్వాబ్’ అని ఉన్నా ల్యాబ్ ఆ శాంపిల్‌ను తిప్పి పంపాలి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజిస్టు,
విల్లివాక్కం, చెన్నై