అత్తమ్మ కాలు

మిర్యాలగూడ,
ఆదివారం రాత్రి

శీనూ,

రెండు నెలలకు జవాబు రాస్తున్నాను. తిట్టు, కానీ చదివాక తిట్టు. ఇంట్లో అందరం బాగున్నాం, వరికోతలయ్యాయి, పెద్దవాడు లెక్కల్లో అచ్చం నీలాగే.

అసలు సంగతి మా అత్తమ్మ బోదకాలు. దానికి నువ్వు పెట్టిన పేరు ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు. ఇన్నేళ్లూ నీరు తీసే మాత్రలు మింగింది. రాత్రంతా పెరట్లోకి తిరగడమే మిగిలింది. ఈసారి చూపించిన చోట ఫిజియోథెరపీ అమ్మాయి విడమరచి చెప్పింది: కాల్లో నిలిచిన రసంలో మాంసకృత్తులుంటాయట, మాత్రలు వాటిని కదపలేవట, నీరు మళ్లీ అక్కడికే చేరుతుందట.

కోత లేదు, సూది లేదు. సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, పిల్లిని నిమిరినంత తేలికగా కాలిని నిమరాలి. ఆపైన కట్టు. వేలువేలుకూ సన్నటి గుడ్డ, దాని మీద దూది, దాని మీద పట్టీ. పాదం దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా. మొదటిరోజు నేను తలకిందులుగా కట్టాను. "సంతకు తీసుకుపోయే కోడిననుకున్నావా, బిడ్డా?" అంది. కట్టుతోనే నడవాలి. కండ కదిలినప్పుడల్లా కట్టుకు ఒత్తుకుని రసాన్ని పైకి నెడుతుంది.

పద్దెనిమిది రోజులకు దర్జీ టేపు పెట్టాను. చీలమండ చుట్టూ 38 సెంటీమీటర్లుండేది, 33! నేను గంతులేస్తుంటే ఆవిడ మొహం మాడ్చుకుంది.

"సన్నబడితే ఈ కాలికని సర్కారిచ్చే 2,016 రూపాయల పెన్షన్ ఆపేస్తారేమో?"

జబ్బు పూర్తిగా పోదని, బిగుతు మేజోడు ఎప్పటికీ వేసుకోవాలని చెప్పాను. "పోదు కదా? హమ్మయ్య!" నవ్వలేక చచ్చాను.

కానీ శీనూ, బోదకాలు రాకుండా బడిలో డీఈసీ మాత్రలు పంచితే మనం గోడ అవతలికి విసిరేవాళ్లం, గుర్తుందా? మురుగునీటి దోమ ఎవరిని కుట్టి ఎవరికి అంటించిందో... నీ పెళ్లిలో కూడా ఆవిడ వంటశాల దాటి బయటికి రాలేదు. సరే, వదిలెయ్.

నిన్న పాత ట్రంకుపెట్టెలోంచి కుడికాలి వెండి గొలుసు తీసింది. కొక్కెం అందలేదు, ఇంకా రెండు అంగుళాలు కావాలి. మళ్లీ గుడ్డలో చుట్టింది, పెట్టెలో మాత్రం పెట్టలేదు. దిండు కింద పెట్టుకుంది.

పిలుస్తోంది, కట్టు జారిందట. నీ బాకీ సంగతి మళ్లీ