పక్కన కూర్చునే మనిషికి పని ఎవరు నేర్పుతారు?

సంపాదకుల వారికి,

నమస్కారం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింది కేసులు కోర్టుల్లో ఎందుకు నిలవడం లేదన్న చర్చ వచ్చినప్పుడల్లా దర్యాప్తు లోపాల గురించి, ఫోరెన్సిక్ నివేదికల ఆలస్యం గురించి, ఏళ్ల తరబడి సాగే వాయిదాల గురించి రాస్తుంటారు. అవన్నీ రాయవలసినవే. కానీ బాధిత బిడ్డ వెంట స్టేషనుకు, ఆసుపత్రికి, కోర్టుకు నడిచే మనిషి ఎవరు, ఆ మనిషికి ఈ పని ఎవరు నేర్పారు అన్న ప్రశ్న ఎక్కడా కనిపించదు. చట్టం ఆ మనిషిని 'సపోర్ట్ పర్సన్' అంటుంది, ఊళ్లలో మమ్మల్ని 'కోర్టుకు తీసుకెళ్లే మేడమ్' అంటారు. నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2020 నాటి పోక్సో నిబంధనల ప్రకారం బిడ్డ, తల్లిదండ్రుల సమ్మతితో బాలల సంక్షేమ కమిటీ మమ్మల్ని నియమిస్తుంది. దర్యాప్తు మొదలుకొని విచారణ ముగిసేదాకా తోడుండాలి, కేసు ఎంతవరకు వచ్చిందో ఇంటివారికి చెబుతుండాలి, బిడ్డ పరిస్థితిపై నెలనెలా కమిటీకి నివేదిక ఇవ్వాలి, తెలిసిన ప్రతి సంగతినీ గోప్యంగా ఉంచాలి. ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్‌లో ఒక బాలికపై జరిగిన అత్యాచార ఘటనతో మొదలైన కేసులో సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 18న తీర్పు ఇస్తూ, సపోర్ట్ పర్సన్ అవసరమా కాదా అన్నది తల్లిదండ్రుల విచక్షణకే వదిలేయరాదని, వారి నియామకానికి, శిక్షణకు, పారితోషికానికి ఒక పద్ధతి ఉండాలని చెప్పింది, దేశమంతటికీ నమూనా మార్గదర్శకాలు తయారు చేయమంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

నా మొదటి కేసు సంగతి చెబుతాను. వివరాలు చెప్పకూడదు, చెప్పను. పాపకు పదకొండేళ్లు. సాక్ష్యానికి ముందురోజు వాళ్లింటికి వెళ్లి, భయం పోగొట్టాలన్న ఆత్రంలో, రేపు ఇలా అడుగుతారు, అలా చెప్పమ్మా అని రెండు గంటలు కూర్చోబెట్టి మాట్లాడాను. 'అసభ్యంగా ప్రవర్తించాడు' అన్న మాట నేనే ఆ పాప నోట్లో పెట్టాను. మరునాడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిందితుడి తరఫు (డిఫెన్స్) న్యాయవాది న్యాయమూర్తి ద్వారా ప్రశ్న పంపారు: "అసభ్యంగా అంటే ఏమిటమ్మా?" పాప నా వైపు చూసింది. "ఆ మాట నీకు ఎవరు చెప్పారు?" పాప అబద్ధం ఆడదు కదా, వేలు పెట్టి నన్ను చూపించింది. న్యాయమూర్తి కాసేపు ఏమీ రాసుకోలేదు. ఆ కేసులో తీర్పు ఎలా వచ్చిందన్నది ఇక్కడ అప్రస్తుతం. బిడ్డ నిజాన్ని బిడ్డ మాటల్లో కాకుండా నా మాటల్లో కోర్టు ముందు నిలబెట్టి, అది నేర్పిన పాఠమేమోనన్న అనుమానానికి నేనే తావిచ్చాను. దురుద్దేశం లేదు. దురుద్దేశం లేకపోవడమే ఈ పనికి అర్హత అనుకున్నారు మమ్మల్ని నియమించినవారు, నేనూ అలాగే అనుకున్నాను.

బిడ్డను కోర్టుకు సిద్ధం చేయడం వేరు, సాక్ష్యం నేర్పడం వేరు. ఖాళీగా ఉన్న కోర్టు హాలును ముందే చూపించవచ్చు, న్యాయమూర్తి ఎక్కడ కూర్చుంటారో, నిందితుడు కంటపడకుండా తెర ఎక్కడ కడతారో చెప్పవచ్చు. తెలియకపోతే తెలియదనమని, గుర్తు లేకపోతే గుర్తు లేదనమని, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనమని, దాహమేస్తే నీళ్లు అడగమని చెప్పవచ్చు. ఏం జరిగిందో మాత్రం మనం అడగనూ కూడదు, చెప్పించనూ కూడదు. ఈ తేడా నాకు తెలిపింది ఏ శిక్షణ శిబిరమూ కాదు, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక బెంచ్ క్లర్కు గారు, అదీ కారిడార్‌లో, ఆ క్రాస్ ముగిశాక.

శిక్షణ అసలు లేదని అనను. ఒకరోజు శిబిరం పెట్టారు. తెర మీద ఇంగ్లిష్‌లో సెక్షన్ల నంబర్లు, వాటిని చదివి వినిపించే వక్త, సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. భోజనం బాగుందన్నది కూడా ఒప్పుకోవాలి. మహిళా పోలీసు అధికారి యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలని ఆరోజు విన్నాను. కానీ ఆ అధికారి యూనిఫాంలోనే గుమ్మంలో నిలబడితే నేను ఏ మాటతో, ఎంత మర్యాదగా, ఎంత గట్టిగా చెప్పాలో ఎవరూ చెప్పలేదు. బిడ్డను నేరుగా గద్దించకుండా ప్రశ్నలు న్యాయమూర్తి ద్వారానే రావాలని చట్టంలోని 33వ సెక్షన్ చెబుతుంది. ఆ పద్ధతి తప్పినప్పుడు సపోర్ట్ పర్సన్ లేచి మాట్లాడవచ్చా, ప్రాసిక్యూటర్‌కు చీటీ అందించాలా అన్నది పుస్తకంలో దొరకదు.

గోప్యత విషయమూ అంతే. పేరు బయటపెట్టడం నేరమని అందరికీ తెలుసు. ప్రభుత్వ జీపులో ఊళ్లోకి వెళ్లి, కిరాణా కొట్టు దగ్గర ఆపి, ఫలానా వాళ్ల ఇల్లెక్కడని అడిగితే పేరు చెప్పకుండానే చెప్పినట్టవుతుందని తట్టదు. ఇప్పుడు నేను ఒక స్టేజీ ముందే బస్సు దిగి నడిచి వెళ్తున్నాను.

మరో సంగతి డబ్బు. తిండికీ బట్టలకూ దారి ఖర్చులకూ కమిటీ సిఫారసు చేస్తే, ఆ సిఫారసు అందిన వారంలోగా తక్షణ సాయం ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. కూలి మానుకొని వాయిదాకు వచ్చే తల్లికి అది తెలియదు. తెలియజెప్పవలసిన నాకూ రెండో ఏడాది దాకా తెలియలేదు. ఆ ఏడాదిన్నరలో నా చేతుల మీదుగా నడిచిన కుటుంబాలు ఎంత కోల్పోయాయో లెక్క వేసుకునే ధైర్యం నాకు లేదు. ఇక లంబాడీ, కోయ, గోండి మాట్లాడే పిల్లల దగ్గరకు తెలుగు మాత్రమే వచ్చిన నాబోటి వారిని పంపితే, అనువాదకుడిని కోరే హక్కు బిడ్డకు ఉందన్న మొదటి పాఠమైనా మాకు తెలిసి ఉండాలి.

హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం వంటి చోట్ల పోలీసు, వైద్య, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద ఉంటాయి కాబట్టి కొత్తగా చేరినవారు పక్కవారిని చూసైనా నేర్చుకుంటారు. జిల్లాల్లో ఒంటరిగా తిరిగే వారికి ఆ అవకాశం లేదు. హింసకు గురైన మహిళలకు సాయమందించే సఖి కేంద్రాల సిబ్బందికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేత మానసిక ఆరోగ్య శిక్షణ ఇప్పించేందుకు 2022లో కేంద్రం ఒక కార్యక్రమం చేపట్టింది. పిల్లల కేసుల్లో తోడు వెళ్లేవారికీ అటువంటిది తెలుగులో ఎందుకు ఉండకూడదు?

రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలను, న్యాయ సేవాధికార సంస్థలను నేను కోరేది ఇది. కనీసం పక్షం రోజుల శిక్షణ ఇవ్వండి, అందులో సగం కోర్టు హాలులోనే జరపండి. డిఫెన్స్ న్యాయవాదులనే పిలిచి మమ్మల్ని బోనులో నిలబెట్టి అడిగించండి, ఆ ప్రశ్నల వేడి మాకు తగలాలి. అనుభవం ఉన్నవారి వెంట రెండు మూడు కేసులు చూసిన తరువాతే కొత్తవారికి సొంతంగా కేసు అప్పగించండి. నైపుణ్యం గల కార్మికుడి కనీస వేతనానికి తగ్గకుండా పారితోషికం ఇవ్వాలని నిబంధన ఉన్నప్పుడు ఆ నైపుణ్యం కల్పించే బాధ్యత కూడా ప్రభుత్వానిదే అవుతుంది. రోజూ ఇవే మాటలు విని ఇంటికి వెళ్లి నిద్రపట్టని మాకు, నెలకొకసారి మనసులోది చెప్పుకునే చోటు ఒకటి చూపించండి. నాతో చేరిన నలుగురిలో ముగ్గురు మానేశారు, పని ఇష్టం లేక కాదు.

వచ్చే వారం మా జిల్లాలో ఇద్దరు అమ్మాయిలు కొత్తగా ఈ పనిలో చేరుతున్నారు. వారి శిక్షణ తేదీ ఇంకా ఖరారు కాలేదు. వారిలో ఒకరి మొదటి వాయిదా మాత్రం ఈ నెలాఖరునే ఉంది.

ఇట్లు,
ఒక సపోర్ట్ పర్సన్,
ఉమ్మడి వరంగల్ జిల్లా
(కేసుల గోప్యత దృష్ట్యా పేరు ప్రచురించవద్దని మనవి)