ఐడ్లింగ్ స్క్రూ జోలికి వెళ్లొద్దు

ఎడిటర్ గారికి,

ములుగు రోడ్డులో కార్ల రిపేరు చేసుకుని బతికేవాణ్ని. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే కార్లలో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనబడుతోంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే బండి వణికి ఆగిపోతోందని ఓనర్ చెప్పగానే, ఎవరో థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) స్క్రూ తిప్పి ఐడ్లింగ్, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం, పెంచేస్తున్నారు. పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్ ఉన్న పాత బండ్ల కాలంలో అది సరైన పనే. కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో ఐడ్లింగ్‌ను కూడా ఆ కంప్యూటరే చూసుకుంటుంది. ఆ స్క్రూను కంపెనీలోనే సెట్ చేసి పంపుతారు. దాన్ని తిప్పితే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు, సెన్సార్ లెక్క తప్పుతుంది. ఇంజన్ వేడెక్కాక కూడా ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) 800 దగ్గర నిలవకుండా 1200 మీదే ఉంటుంది, పెట్రోలు దండగ.

మొన్న పరకాల నుంచి వచ్చిన కారు థ్రాటిల్ బాడీ విప్పితే, ప్లేటు అంచు చుట్టూ కాటుకలా మసి. గాలి దారి మూసుకుపోయింది, అంతే. క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడిచి, స్క్రూ పాత గుర్తుకు తెచ్చి, కంప్యూటర్‌కు ఐడ్లింగ్ మళ్లీ నేర్పిస్తే బండి నిమ్మళంగా నిలిచింది. ఇదే వణుకు కొన్నింటికి వాక్యూమ్ పైపు పగిలితే వస్తుంది, కొన్నింటికి ఇంజన్‌ను మోసే మౌంటింగ్ రబ్బరు చిరిగితే వస్తుంది. రబ్బరు పోయిన బండికి స్క్రూ ఎంత తిప్పినా ఏం లాభం?

మా కుర్రాళ్లకు బండి కంప్యూటర్‌లోని తప్పులు చదివే స్కానర్ కొనే స్తోమత లేదు, నేర్పేవాళ్లూ లేరు. రవాణా శాఖ, ఐటీఐలు కలిసి వరంగల్‌లో మెకానిక్‌లకు సాయంత్రం పూట క్లాసులు పెట్టించాలని కోరుతున్నాను.

- ఒక మెకానిక్, హన్మకొండ