మీటర్ మీద అంకెను చూసి స్పోర్ట్స్ కారు కొనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు బేరంలో మనవాళ్లు మొదట అడిగేది "ఎంత తిరిగింది?" అని. అవతలివాళ్లు దానికి నోటితో జవాబు కూడా చెప్పరు, ఇగ్నిషన్ ఆన్ చేసి మీటర్ చూపిస్తారు, సగం బేరం అక్కడే అయిపోతుంది. కారు మొత్తంలో మార్చడానికి అన్నిటికంటే తేలికైనది ఆ అంకే. వెనకటి మీటర్లలో అంకెల చక్రాలు ఉండేవి, వెనక్కి తిప్పితే అంకెలు వరస తప్పి కొన్నిసార్లు దొరికిపోయేవాళ్లు. ఇప్పటి డిజిటల్ మీటర్లో ఆ బాధ లేదు, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి (మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ని చదివేది దీన్నుంచే) ఒక టూల్ తగిలించో, మీటర్ విప్పి లోపలి మెమరీ చిప్‌లో ఉన్నది మార్చో 80 వేల కిలోమీటర్లను 28 వేలు చేసేస్తారు, పైకి గీత కూడా కనపడదు. మామూలు చిన్న కారుకైతే దీనివల్ల వేలల్లో లాభం. అదే పోర్షే, బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ లాంటివాటికి లక్షల్లో తేడా వస్తుంది, అందుకే ఈ కార్ల గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఈమధ్య మా అక్క కొడుకు ఇక్కడ విశాఖలోనే ఒక పాత కార్ల కన్సల్టెన్సీలో పోర్షే బాక్స్‌స్టర్ చూసి మనసు పారేసుకున్నాడు. తెలంగాణ రిజిస్ట్రేషన్, మీటర్లో 31 వేలు, పైన పాలిష్ అద్దంలా ఉంది. "టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేద్దాం మావయ్యా, మళ్లీ దొరకదు" అన్నాడు. ముందు స్కానర్ పెట్టిద్దాం ఆగు అని తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లాం. పోర్షేలో ఇంజిన్ కంప్యూటర్ తను మొత్తం ఎన్ని గంటలు నడిచిందో లెక్క దాచుకుంటుంది, ఇది మీటర్‌తో సంబంధం లేని వేరే లెక్క. ఆ కారులో 2,200 గంటలు చూపించింది. 31 వేలని 2,200తో భాగిస్తే గంటకు 14 కిలోమీటర్లు. ఊళ్లోనూ హైవే మీదా కలిపి తిరిగే కారుకి 30 నుంచి 50 దాకా రావడం మామూలు, పూర్తిగా సిటీలో నలిగిందనుకున్నా 20కి దగ్గర రావాలి. ఇంత తక్కువ వచ్చిందంటే మీటర్లో కిలోమీటర్లు తగ్గించారనే అనుమానం. "హైదరాబాద్ ట్రాఫిక్ సార్" అన్నారు కన్సల్టెన్సీవాళ్లు. ఒక పక్క వీకెండ్ కారు, ఆదివారం తెల్లవారుజామున అక్కడి అవుటర్ రింగ్ రోడ్డు మీద తప్ప తీయలేదు అంటూనే ఇంకో పక్క ట్రాఫిక్ అంటే ఎలా కుదురుతుంది? మెకానిక్ తడిగుడ్డతో డ్రైవర్ సీటు బయటి అంచు తుడిస్తే గుడ్డకి నల్ల రంగు అంటుకుంది, కింద తోలు పగుళ్లు బయటపడ్డాయి. ఈ కార్లలో సీటు బాగా కిందకి ఉంటుంది, ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒరుసుకునేది ఆ అంచే. అక్కడ రంగు వేయాల్సి వచ్చిందంటే ఎన్నిసార్లు ఎక్కి దిగి ఉంటారో ఆలోచించండి. మేం వచ్చేశాం.

అదే పోర్షే స్కానర్ రిపోర్టులో ఇంజిన్‌ని ఎర్రగీత (తిరగాల్సిన వేగానికి హద్దు) దాటించి ఎంత బాదారో, ఆఖరిసారి ఎన్నో గంట దగ్గర అలా జరిగిందో కూడా ఉంటుంది. స్పోర్ట్స్ కారు కొనేవాళ్లకి నిజానికి కిలోమీటర్ల కంటే ఇదే ముఖ్యం, కానీ మన దగ్గర దీన్ని అడిగేవాళ్లే తక్కువ.

మిగతా కార్లలోనూ దారులున్నాయి. ఏబీఎస్ (బ్రేకులు పట్టేయకుండా చూసేది), గేర్‌బాక్స్ కంప్యూటర్లలో కొన్నిటికి సొంత కిలోమీటర్ల లెక్క ఉంటుంది, చాలా బీఎండబ్ల్యూల్లో తాళంచెవి కూడా రీడింగ్ గుర్తుపెట్టుకుంటుంది. మామూలు స్కానర్‌లో కూడా "కోడ్లు (కంప్యూటర్ రాసుకున్న లోపాలు) చెరిపేశాక తిరిగిన దూరం" అని ఒక లైన్ కనపడుతుంది. మీటర్ 28 వేలంటూ ఆ లైన్ 41 వేలంటుంటే ఇక మాట్లాడటానికి ఏమీ లేదు. తక్కువ చూపిస్తే మాత్రం ధైర్యపడిపోకండి, ఏ సర్వీసులోనో చెరిపి ఉండొచ్చు. పని బాగా తెలిసినవాడు అన్ని చోట్లా మార్చేస్తాడు కూడా.

కంటికి కనపడేవాటిలో ఒకటి రెండు పొరపాటు నమ్మకాలున్నాయి. టైర్లు కొత్తగా ఉన్నాయి కాబట్టి ఎక్కువ తిరిగిందని కొందరంటారు, అది సరికాదు. వెనక చక్రాలకి పవర్ వెళ్లే స్పోర్ట్స్ కార్లలో వెనక టైర్లు 20 వేల లోపే అరిగిపోవచ్చు. టైరు మీద నాలుగు అంకెల తేదీ చూసి (2223 అంటే 2023లో 22వ వారం) మార్చినప్పటి బిల్లు అడగండి, వీల్ అలైన్‌మెంట్ బిల్లులో మామూలుగా కిలోమీటర్లు రాస్తారు. రెండోది తుప్పు. మన సముద్రపు గాలికి బ్రేక్ డిస్కులు రాత్రికి రాత్రే ఎర్రబడతాయి, కింద బోల్టులు తుప్పు పడతాయి, దాన్నిబట్టి కారు ఎంత తిరిగిందో తేల్చలేం. డిస్కు అంచున వేలు పెట్టి చూడండి, గట్టుగా తగిలితే బాగా అరిగిందన్నమాట, కనీస మందం ఎంత ఉండాలో డిస్కు మీదే ఉంటుంది.

వీటన్నిటికంటే కాగితాలు ముఖ్యం. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కారు ఎన్నో ఓనర్ దగ్గరుంది, ఇన్సూరెన్స్ ఉందా అనేవి తెలుస్తాయి గానీ కిలోమీటర్లు కనపడవు. అందుకని ఓనర్‌నే వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి చాసిస్ నంబరు మీద మొత్తం సర్వీస్ హిస్టరీ తీయించండి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడగండి, పాలసీ మధ్యలో ఆగి ఉంటే మళ్లీ ఇన్సూరెన్స్ చేసినప్పుడు తీసిన మీటర్ ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. నామటుకు నేను రికార్డు లేని 25 వేల కారు కంటే అన్ని బిల్లులూ ఉన్న 70 వేల కారే కొంటాను, ఏళ్ల తరబడి కదలకుండా నిలబెట్టిన కారులో సీళ్లు ఎండిపోతాయి, టైర్లు గట్టిపడతాయి, ఆ ఖర్చు ఎవరూ చెప్పరు. తక్కువ అంకె కోసం మనం ఎక్కువ డబ్బు పెట్టినన్నాళ్లూ అంకె తగ్గించేవాళ్లు తగ్గిస్తూనే ఉంటారు.

కొనేటప్పుడు ఒప్పంద పత్రంలో రీడింగ్ రాయించి, అది నిజమైనదేనని సంతకం తీసుకోండి. రేపు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు పెట్టాలన్నా, కన్సల్టెన్సీలో కొన్నదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలన్నా చేతిలో ఉండేది ఆ కాగితమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఎలాగూ ఉంది.

రవాణా శాఖకి ఒక విన్నపం. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి, తమ దగ్గరున్న బండిని ట్రయల్‌కో రిపేరుకో బయటికి తీసినా ఎవరు, ఎందుకు, ఎంత దూరం తీసుకెళ్లారో ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో రాయాలి. మంచి నిబంధనే. కానీ కారు పేరు మారేటప్పుడు ఇచ్చే ఫారం 29, 30లలో చాసిస్ నంబరు ఉంటుంది, మీటర్ రీడింగ్‌కి గడి లేదు. బ్రిటన్‌లో ఏటా చేసే ఎంఓటీ అనే బండి ఫిట్‌నెస్ పరీక్షలో రీడింగ్ నమోదు చేస్తారు, బండి నంబరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. బెల్జియంలో 2006 నుంచి కార్‌పాస్ అనే కిలోమీటర్ల చరిత్ర పత్రం ఇవ్వకుండా పాత కారు అమ్మడానికి వీల్లేదు. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు నంబర్ ప్లేట్ ఫొటో ఎలాగూ తీస్తున్నారు, మీటర్ ఫొటో కూడా తీసి బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వాహన్ డేటాబేస్‌లో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అవదు.

మీ పత్రికకీ ఒక మాట. మీ క్లాసిఫైడ్స్‌లో పాత కార్ల ప్రకటన ఇచ్చేవాళ్లు కిలోమీటర్లు రాస్తే, ఆఖరి సర్వీస్ ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర అయిందో కూడా రాయాలని షరతు పెట్టండి, ఒక్క లైన్ పెరుగుతుంది అంతే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం