గడియ తీయడం మర్చిపోయిన మనిషి

సంపాదకుడు గారికి,

జైళ్లు ఇంకా నరకంలా ఉండాలి, అప్పుడే నేరస్థులకు బుద్ధొస్తుందంటూ గత వారం మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నష్టపోయినవాళ్ల ఇంటి నుంచి చూస్తే నాకూ అలాగే అనిపించేదేమో. కానీ జైలు మనిషిని ఏం చేస్తుందో మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఈ లేఖ.

నాకు వరసకు బాబాయి ఒకాయన తొమ్మిదేళ్ల శిక్ష పూర్తి చేసుకుని వచ్చాడు. చేసింది తప్పే, ఆయన కూడా కాదనలేదు. వచ్చిన కొత్తలో బాత్‌రూమ్ తలుపు ముందు ఊరికే నిలబడి ఉండేవాడు. ఎందుకో మాకు వెంటనే తట్టలేదు. గడియ బయటివైపే ఉంది, తీసుకుంటే చాలు. ఎవరో వచ్చి తీస్తారని చూస్తున్నాడు! కంచం ముందు కూర్చుని "తినొచ్చా?" అని అడిగేవాడు. ఒకరోజు సబ్బు తెమ్మని పంపితే ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అన్ని రకాల్లో ఏది తీసుకోవాలో తెలియక టెన్షన్ వచ్చేసిందట. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, లైటు ఎప్పుడు ఆర్పాలో తొమ్మిదేళ్లూ వేరేవాళ్లే చెప్పారు మరి.

ఇదేదో మా బాబాయి ఒక్కడి బలహీనత అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, డోనాల్డ్ క్లెమర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1940లోనే దీని గురించి రాశాడని. లోపలున్న కొద్దీ ఖైదీ జైలు పద్ధతులకు, అక్కడి నీతికి అలవాటుపడిపోతాడు. 1958లో గ్రెషమ్ సైక్స్ అనే మరో సామాజిక శాస్త్రవేత్త జైలు పెట్టే బాధలను ఐదుగా లెక్కగట్టాడు. స్వేచ్ఛ పోవడం అందులో ఒకటే. సొంత వస్తువులు, తోడు, భద్రత, తన పని తాను నిర్ణయించుకునే అధికారం కూడా పోతాయి. ఆ చివరిదే సబ్బు దగ్గర బయటపడింది. భద్రత లేకపోవడం ముఖంలో బయటపడుతుంది. లోపల భయం కనిపిస్తే అలుసైపోతారు కాబట్టి ముఖాన్ని రాయి చేసుకుంటారు. ఇంటికొచ్చాక ఆ రాయిని చూసి మనం "పశ్చాత్తాపమే లేదు" అంటాం.

ఈ మాటలు ఎత్తగానే చాలామంది 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జరిగిన ఉత్తుత్తి జైలు ప్రయోగం గురించి చెబుతారు. విద్యార్థులను ఖైదీలుగా, కాపలావాళ్లుగా విడదీసి, రెండు వారాలు అనుకున్నదాన్ని ఆరు రోజులకే ఆపేశారు. కానీ కఠినంగా ఉండమని కాపలావాళ్లను ముందే ఎగదోశారని తర్వాత తేలింది. కాబట్టి దాని మీద నేను వాదన కట్టను.

భయపెడితే మారతారా? శిక్ష ఎంత క్రూరమైనదన్నది కాదు, తప్పకుండా పడుతుందన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని బెకారియా అనే ఇటలీ ఆలోచనాపరుడు 1764లోనే అన్నాడు. నేటి పరిశోధకులూ ఎక్కువగా అటే మొగ్గుతున్నారు. దారి తప్పుతున్న పిల్లలను జైలుకు తీసుకెళ్లి, ఖైదీలతో బెదిరింపజేసి తెచ్చే కార్యక్రమాలు అమెరికాలో ఒకప్పుడు బాగా నడిచాయి. పరీక్షించి చూస్తే, అలా వెళ్లొచ్చిన పిల్లలే వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ నేరాలు చేశారు. ఆ కార్యక్రమాలు పెట్టినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పెట్టారు పాపం.

జైలు వద్దని నేననను. మనిషి నుంచి స్వేచ్ఛ తీసుకోండి, నిర్ణయించుకోవడం మాత్రం మరిపించకండి అంటున్నాను. నార్వేలో 2010లో మొదలైన హాల్డెన్ జైలు గట్టి భద్రత ఉన్నదే. అయినా అక్కడ ఖైదీలు లోపలి కొట్లో సరుకులు కొనుక్కుని, సొంతంగా వండుకోవచ్చు. విలాసం అని నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం మా బాబాయి, ఆ సబ్బు గుర్తొచ్చాయి. అంత ఖర్చు పెట్టలేకపోతే పోనీ, శిక్ష చివరి ఏడాదైనా ఖైదీని తన రోజు ఎలా గడపాలో తానే నిర్ణయించుకోనివ్వొచ్చు కదా. ఏ పని నేర్చుకోవాలో, ఉన్న కాస్త డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో తనే తేల్చుకోవాలి. పొరపాటు చేస్తే సరిదిద్దే కౌన్సెలర్ ఒకరు పక్కనుండాలి. విడుదలైన రోజు ఆయనే గేటు దాకా వచ్చి, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటావని అడగాలి.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి వచ్చినవాళ్ల మీద 2007లో ఒక అధ్యయనం వెలువడింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లకు చావు ముప్పు మామూలు జనం కంటే 12 రెట్లకు పైగా ఉంది. మత్తుమందు మోతాదు మించడమే అందులో పెద్ద కారణం.

తీర్పు రోజున కోర్టు దగ్గర మీ విలేఖరులు ఉంటారు, ఫొటోలు కూడా వేస్తారు. ఒక్కసారి విడుదలల రోజు పొద్దున జైలు గేటు దగ్గరికి కూడా ఒకరిని పంపండి. సంచి పట్టుకుని బయటికొచ్చినవాళ్లలో ఎంతమంది కోసం ఎవరైనా వచ్చారో, ఎంతమంది ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోయారో రాయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు