గుంటూరు బస్టాండ్‌లో పూలమ్మే అక్కకు

అమ్మకు తుంటి ఆపరేషన్ అయింది. మర్నాడే వాకర్ పట్టుకుని మంచం పక్కన నిలబడింది. ఫోన్ చేసినవాళ్లందరితో మాట్లాడే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి. కళ్లు మూతలు పడుతున్నాయి కానీ ఇది రాయందే నిద్ర పట్టేలా లేదు.

కంటి చెకప్‌కని నరసరావుపేట నుంచి ఒక్కతే వచ్చింది అమ్మ. బస్సులో అంతసేపు కూర్చుని లేచి, దిగి నాలుగడుగులు వేసేసరికి కళ్లు తిరిగి పడిపోయింది. జనం రెక్కలు పట్టి లేపబోతుంటే పూలమ్ముకునే ఒకావిడ అడ్డం పడిందట. "కదపమాకండి. కాలు చూడండి, పొట్టిగా అయి పాదం బయటికి తిరిగింది. మా అత్తనీ ఇట్టాగే లేపి ఇంకా పాడు చేశాం" అని అందరినీ ఆపి, 108కి ఫోన్ చేయించింది. నొప్పికి అమ్మ చీర తడిసిపోతే తన భుజం మీది తువ్వాలు కప్పి, మగవాళ్లను అటు తిరగమందట. అమ్మ ఈ మాట చెప్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మల్లెపూల బుట్ట పక్కవాళ్లకు అప్పజెప్పి తనూ అంబులెన్స్ ఎక్కింది. సాయంత్రం బేరం పోతే ఆ పూలు మర్నాటికి దేనికీ పనికిరావు.

నేను హైదరాబాద్ నుంచి వచ్చేసరికి రాత్రయింది. అప్పటికీ అమ్మ చెయ్యి పట్టుకునే కూర్చుని ఉంది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "పెద్దామెను ఒక్కదాన్నే ఎట్టా వదిలేసి పోతానమ్మా" అంది. అక్కా, నీ కాళ్లకు దండం పెడుతున్నాను.

తమ్ముడు, మరదలు, మా ఆయన ఎలాగూ మనవాళ్లే, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

ఒక్క మాట మాత్రం అడగాలి. అమ్మకు 72 ఏళ్లు. షుగర్‌కి ఒక డాక్టరు, బీపీకి ఒకరు, కళ్లకు ఇంకొకరు. పాదాల్లో స్పర్శ తగ్గింది, ఒక కంట్లో శుక్లం ఉంది, లేచి నిలబడితే బీపీ పడిపోతోంది, తొడల్లో బలం లేదు. ఇవన్నీ కలిసే పడేశాయని ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపిస్ట్ చెప్తే తెలిసింది. ఇన్నేళ్లలో "ఎప్పుడైనా పడ్డారా అమ్మా" అని ఒక్కరూ అడగలేదు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటే చాలట. 12 సెకన్లు, ఆపైన పడితే జాగ్రత్త పడాలట. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడటానికి ఎంతసేపు పడుతుంది? మందుల చీటీ మాత్రం వెళ్లినప్పుడల్లా పొడుగవుతుంది. విరిగిన కాలితో క్యాజువాల్టీ బయట స్ట్రెచర్ కోసం అమ్మ మూలుగుతూ ఎదురుచూసింది, అది ఎవరికి చెప్పుకోవాలి?

108లో వచ్చిన అబ్బాయిలకు, రక్తం ఇచ్చిన ఇంజినీరింగ్ పిల్లలకు, అమ్మను విసుక్కోకుండా నడిపిస్తున్న ఫిజియోథెరపిస్ట్ అమ్మాయికి చాలా థ్యాంక్స్. అయ్యో, పక్క మంచం మామ్మగారి కోడలిని మర్చిపోయాను, రోజూ మా అమ్మకూ జావ తెచ్చింది. పడిపోయిన కళ్లజోడు వెతికి తెచ్చిచ్చిన కండక్టరు గారికి కూడా.